కనుగొనుట వేరు, నిర్ధారించుట వేరు

దూరనక్షత్రమునకు గ్రహమున్నదని వార్త వెలువడగానే “మరొక భూమి దొరికినది” అని పత్రికలు వ్రాయుట పరిపాటి అయినది. ఆ మాట నరసరావుపేటలోని తరగతి గదికిని చేరును. తరువాత ఆ గ్రహము లేదని తేలినచో, ఆ సంగతి మాత్రము చేరదు. ఈ లోపమెంతటిదో బార్నార్డ్ నక్షత్ర చరిత్ర తెలుపును.

కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱబడి, వేడి హెచ్చిన కొలది పసుపుగా, తెల్లగా మారును. నక్షత్రములకును ఇదే నియమము. సూర్యుని ఉపరితలము సుమారు 5,500 డిగ్రీలు. బార్నార్డ్ నక్షత్రము సుమారు 2,900 డిగ్రీల ఎఱ్ఱని మరుగుజ్జు. దాని దూరము 6 కాంతి సంవత్సరములు. కాంతి సూర్యకాంతిలో సుమారు 300వ వంతు. మే నెలలో రాత్రి రెండు గంటలకు మాచర్ల, గురజాల వారికి అది నడినెత్తికి కొంచెము దక్షిణమున ఉండును. కాని కంటికి ఆనదు. చిన్న దూరదర్శిని కావలెను.

ఇట్టి నక్షత్రము తేలికైనది కనుక చిన్న గ్రహము కూడ దానిని కొంచెము ఊగించగలదు. ఆ ఊగిసలాటను పట్టుకొనుటయే అన్వేషణ. చిక్కు కూడ అక్కడనే ఉన్నది. నక్షత్రముపై మచ్చలు, పరికరములోని మార్పు కూడ ఊగిసలాటవలె కనబడును.

1963లో అమెరికాలోని స్ప్రౌల్ వేధశాలకు చెందిన వాన్ డి క్యాంప్ ఇచట గురుగ్రహము కంటె పెద్ద గ్రహమున్నదని ప్రకటించెను. 1973లో గేట్‌వుడ్, ఐకార్న్ అను వారు వేరు ఛాయాఫలకములను కొలువగా అది కనబడలేదు. అదే వేధశాలకు చెందిన హెర్షీ ఇతర నక్షత్రములును అట్లే ఊగినట్లు చూపెను. ఊగినది నక్షత్రము కాదు, దోషము దూరదర్శినిది. 2018లో 233 దినముల గ్రహమొకటి ప్రకటింపబడెను. అది నక్షత్రపు 145 దినముల ఆత్మభ్రమణము వలన కలిగిన భ్రమ అని 2021లో మరియొక బృందము వాదించెను.

చివరకు 2024లో చిలీలోని పెద్ద దూరదర్శినితో 3.15 దినములకొకసారి తిరుగు గ్రహము కనుగొనబడెను. అది నక్షత్రమును కదలించు వేగము సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు, అనగా మనిషి నడక కంటె తక్కువ. 2025లో హవాయిలోని వేరు పరికరము దానిని ధ్రువపరచి, మొత్తము నాలుగు గ్రహములున్నవని తేల్చెను. నాలుగును భూమి కంటె తేలికయినవే. ద్రవరూపమున నీరు నిలువలేనంత వేడివి. “మరొక భూమి” అను మాటకు ఇచట తావు లేదు.

ఈ చరిత్రలో వాన్ డి క్యాంప్‌ను హేళన చేయుట తగదు. ఆయన పాతికేండ్లు ఓర్పుతో కొలిచెను. కాని ఒకే పరికరము సాక్ష్యము చాలదు. 2016లో ట్రాపిస్ట్-1 నక్షత్రపు గ్రహములు ప్రకటింపబడునప్పుడు, లడఖ్‌లోని హాన్లేలో గల మన 2 మీటర్ల దూరదర్శినియు పరిశీలనలలో పాల్గొన్నది. మొదట చూచిన వారికి కీర్తి, సరిచూచిన వారికి మౌనము అను పద్ధతి న్యాయము కాదు.

పాఠములో విజయమును మాత్రమే చెప్పినచో, ఒక గ్రహము రద్దయినప్పుడు విద్యార్థి “శాస్త్రము కూడ అబద్ధమాడును” అనుకొనును. ఉపాధ్యాయులు 1963, 1973, 2018, 2021, 2024, 2025 సంవత్సరములను నల్లబల్లపై వరుసగా వ్రాసి, ఎవరు చెప్పిరి, ఎవరు సరిచూచిరి, దేనితో సరిచూచిరి అని ప్రశ్నింపవలెను. తప్పును తానే వెదకి దిద్దుకొనుట శాస్త్రమునకు కళంకము కాదు. అదియే దాని బలము.