పడగొట్టడం కాదు, లేవనివ్వకపోవడం

2020 అక్టోబర్‌లో ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) అభిమానులు ఏ ఇద్దరు కలిసినా ఒకటే వాదన. ఆ నెల 24న అబుదాబిలోని యాస్ ద్వీపంలో ఎంఎంఏ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ లైట్‌వెయిట్ టైటిల్ పోటీ. ఒకవైపు డాగెస్తాన్‌కు చెందిన ఖబీబ్ నూర్మగొమెదోవ్, 28 పోటీల్లో 28 గెలిచినవాడు. రెండోవైపు అమెరికాకు చెందిన జస్టిన్ గేచీ, 22 గెలిచి రెండు ఓడినవాడు. ఇద్దరి బరువు పరిమితి 155 పౌండ్లు, అంటే 70 కిలోలు. ఐదేసి నిమిషాల రౌండ్లు ఐదు. ఎవరు గెలుస్తారు?

గేచీ పక్షం వాదన తీసిపారేయదగ్గది కాదు. అతను నార్తర్న్ కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున కుస్తీ పట్టి ఆల్ అమెరికన్ గుర్తింపు తెచ్చుకున్నాడు. ఖబీబ్ అంతకుముందు చిత్తు చేసిన మెక్‌గ్రెగర్, పోరియే, బర్బోజాలకు ఆ పునాది లేదు. పైగా గేచీ చేతిలో, సరిగ్గా చెప్పాలంటే కాలిలో, ఒక ఆయుధం ఉంది. ఎదుటివాడి ముందుకాలి మీద అతను తన్నే తన్ను రెండు మూడు పడితే చాలు, ఆ కాలు మొద్దుబారుతుంది. కాలు మొద్దుబారినవాడికి దూకి నడుం పట్టుకునే ఊపు ఎక్కడి నుంచి వస్తుంది? మే నెలలో టోనీ ఫెర్గసన్‌ను ఐదో రౌండ్‌లో ఆపేసినప్పుడు కోచ్ ట్రెవర్ విట్‌మన్ నేర్పిన ఓపిక కూడా అందరికీ కనిపించింది. అంతకుముందు గేచీ అంటే మీదపడి కొట్టి, కొట్టించుకునే మనిషి. ఆ రాత్రి మాత్రం లెక్కపెట్టి కొట్టాడు. ఇంకో సంగతి కూడా ఈ పక్షం గొంతు తగ్గించి చెప్పుకునేది: ఖబీబ్‌కు తండ్రీ గురువూ ఒకరే అయిన అబ్దుల్‌మనాప్ ఆ జులైలోనే కన్నుమూశారు. ఆయన లేకుండా కొడుకు బరిలో దిగడం, మనసు నిలవకపోతే ఏమవుతుందో ఎవరికి తెలుసు?

ఖబీబ్ పక్షానిది పొట్టి జవాబు. తన్నే కాలు దొరికితే పట్టే కాలే. నిలబడి ఎంత గొప్పగా కొట్టినా ఎప్పుడో ఒకప్పుడు వీపు బరి చుట్టూ ఉండే కంచెకు తగులుతుంది, తగిలాక కథ ఖబీబ్‌ది.

నాకు మాత్రం ఇరు పక్షాలూ ఒకే తప్పు ప్రశ్న చుట్టూ తిరిగాయనిపిస్తుంది. 'గేచీని పడగొట్టగలడా?' అన్నది ఆ ప్రశ్న. ఖబీబ్ పనితనం పడగొట్టడంలో లేదు. ఆ మాటకొస్తే పడగొట్టేవాళ్లు ఆ బరువులో చాలామందే ఉన్నారు. 2013 మేలో ఏబెల్ త్రుహియోను ఖబీబ్ మూడు రౌండ్లలో 21 సార్లు పడగొట్టి యూఎఫ్‌సీ రికార్డు నెలకొల్పాడు. అందరూ ఆ అంకెను మెచ్చుకుంటారు కానీ, కాస్త ఆగి ఆలోచిస్తే అన్నిసార్లు పడ్డవాడు దాదాపు అన్నిసార్లూ లేచాడనేగా అర్థం! అప్పటికింకా ఖబీబ్ చేతిలో సగం విద్యే ఉంది. మిగతా సగం, అంటే లేవనివ్వకపోవడం, ఆ తర్వాతి ఏళ్లలో పదునెక్కింది. అతని అసలు ఘనత అక్కడ ఉంది.

ఆ పని ఎలా చేస్తాడో దగ్గరగా చూద్దాం. కంచె పక్కన పడ్డవాడికి లేవడానికి ఒక పద్ధతి ఉంది, ఎంఎంఏ శిక్షణ కేంద్రాల్లో మొదటి ఏడాదే నేర్పుతారు. వీపును కంచెకు ఆనించాలి. ఒక అరచేయి నేలకు ఆనించి నడుం పైకి ఎత్తాలి. ఒక పాదాన్ని లోపలికి లాక్కుని దాని మీద బరువు వేసి లేవాలి. వీపు, చేయి, పాదం, ఈ మూడు ఆధారాలు ఉంటే ఎవరైనా లేస్తారు. వాటిలో వీపు ఆనించుకోవడాన్ని ఖబీబ్ పట్టించుకోడు. 'ఆనుకో, కూర్చో' అన్నట్టే వదిలేస్తాడు. మిగతా రెండింటినీ వరుసగా లాగేసుకుంటాడు.

మొదట కాళ్లు. కూర్చున్నవాడి రెండు కాళ్లనూ తన రెండు కాళ్ల మధ్య ఇరికించి, తన పాదాన్ని తన మోకాలి మడత వెనక దోపి బిగిస్తాడు. తల ప్రత్యర్థి గడ్డం కిందకు, రొమ్ముకు ఆనించి తోస్తుంటాడు. ముందరి కాళ్లకు బంధం అంటారే, అది ఇక్కడ అక్షరాలా నిజం. ఎదుటివాడు పాదం లోపలికి లాక్కోలేడు. అలా కట్టేశాక ఖబీబ్‌కు తన రెండు చేతులూ ఖాళీ. ఈ సంగతి చాలామంది గమనించరు. మామూలుగా కుస్తీ పట్టేవాడు నడుం పట్టుకుని ఉంటాడు కాబట్టి చేతులు పనికి రావు. ఇక్కడ కాళ్లే పట్టు పడుతున్నాయి, చేతులు వేరే పని చూసుకుంటాయి.

ఇప్పుడు నేలకు ఆనిన ఆ అరచేయి మిగిలింది. ఖబీబ్ ప్రత్యర్థి వీపు వెనక నుంచి చేయి పోనిచ్చి మణికట్టు దొరకబుచ్చుకుని నేల మీది నుంచి లాగేస్తాడు. మనిషి ఒక్కసారిగా తుంటి మీదకు ఒరిగిపోతాడు. దీన్నే డాగెస్తానీ హ్యాండ్‌కఫ్ అంటారు. ఒక చేయి వీపు వెనక బందీ, రెండు కాళ్లూ బందీ. మిగిలిన ఒక్క చేత్తో మొహం కాచుకోవాలా, నేలకు ఆనించాలా? మొహం కాచుకుంటే లేవలేడు, లేవబోతే మొహం మీద గుద్దులు. 2016 నవంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైకేల్ జాన్సన్ ఈ చిక్కులో పడి నలిగిపోయాడు. ఖబీబ్ కొడుతూనే అతనితో మాట్లాడాడు, లొంగిపొమ్మని సలహా ఇచ్చాడు, టైటిల్ పోటీ తనకు దక్కాలని వాదించాడు. అంత ఊపిరి మిగలడం అంటే, ఆ పట్టులో ఎంత తక్కువ బలం ఖర్చవుతుందో ఊహించుకోవచ్చు. బరువు చేసే పనికి కండ అక్కర్లేదు.

2018 అక్టోబర్‌లో మెక్‌గ్రెగర్‌తో పోటీ మొదటి రౌండ్ మళ్లీ చూడండి. పైపైన చూస్తే ఏమీ జరగడం లేదని విసుగు పుడుతుంది. మెక్‌గ్రెగర్ కంచెకు ఆనుకుని కూర్చున్నాడు, ఖబీబ్ అతని కాళ్ల మీద. గుద్దులు కూడా పెద్దగా లేవు. కానీ మెక్‌గ్రెగర్ తొడలు, నడుం ప్రతి క్షణం తోస్తూనే ఉన్నాయి, ఫలితం లేకుండా. మూడో రౌండ్‌లో నిలబడి కొట్టి ముగ్గురు న్యాయనిర్ణేతల దగ్గరా మార్కులు తెచ్చుకున్నాడు, నిజమే. నాలుగో రౌండ్‌లో మెడ పట్టుకు లొంగిపోయాడు.

సరే, గేచీ పోటీకి వద్దాం. ఖబీబ్ ముందుకే నడిచాడు, గేచీ వెనక్కి నడుస్తూ కాళ్ల మీద తన్నాడు. గేచీ పక్షం చెప్పిన తన్నులు పడ్డాయి, గట్టిగానే. ఖబీబ్ ఆగలేదు. మొదటి రౌండ్ ఆఖర్లో పడగొట్టి చేతి కీలు విరిచే ఆర్మ్‌బార్ పట్టబోయేసరికి గంట మోగింది. రెండో రౌండ్‌లో మళ్లీ పడగొట్టాడు. అందరూ ఎదురుచూసిన కంచె, ఆ సంకెళ్లు, గంటల కొద్దీ వాదించిన ఆ నలుగుడు, ఏదీ రాలేదు. రొమ్ము మీదకెక్కి కూర్చుని అక్కడి నుంచే ఒక కాలు మెడ చుట్టూ వేసి, వెల్లకిలా దొర్లి, ట్రయాంగిల్ చోక్ బిగించాడు. రెండో రౌండ్ 1:34 నిమిషాలకు పోటీ ముగిసింది. చిత్రమేమంటే 2008లో ఉక్రెయిన్‌లో ఖబీబ్ తొలి పోటీ గెలిచింది కూడా ఇదే పట్టుతో. మధ్యలో ఇరవై ఏడు విజయాల కాలం.

లేవనివ్వని మనిషి అసలు లేవకుండా ఆపే అవసరమే లేకుండా ముగించాడన్నమాట. నా దృష్టిలో ఇది ఆ విద్యకు విరుద్ధం కాదు, దాని కొనసాగింపే. ఎదుటివాడు ఏ క్షణంలో ఏ ఆధారం కోసం వెతుకుతాడో తెలిసినవాడికి కంచె ఉన్నా లేకపోయినా ఒకటే.

ట్రయాంగిల్ పట్టే క్షణానికి ఆర్మ్‌బార్ కూడా అందుబాటులోనే ఉంది. ఎందుకు వదిలేశాడన్నది తర్వాత అతని శిక్షణ సహచరుడు డేనియల్ కోర్మియే చెప్పాడు. గేచీ చచ్చినా లొంగనని అన్న మాట ఖబీబ్‌కు గుర్తుందట. చెయ్యి విరుగుతున్నా ఓర్చుకుంటాడు, అతని తల్లిదండ్రులు చూస్తున్నారు, స్పృహ తప్పించడమే నయమని ట్రయాంగిల్ ఎంచుకున్నాడట. తీరా చూస్తే గేచీ లొంగుతున్నట్టు చేత్తో తట్టాడు. రిఫరీ జేసన్ హెర్జాగ్ గమనించేలోపే స్పృహ తప్పింది.