మార్లవాయికి అతిథిగా

వానాకాలం శనివారాల్లో ఇంకా తెల్లవారకముందే చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బైకులు ఆగుతాయి. చాయ్ తాగి, రెయిన్‌కోట్లు సర్దుకుని కుర్రాళ్లు ఉత్తరానికి బయలుదేరతారు. గుట్టకు పడమరన ఆరాంఘర్ దగ్గర తగిలే 44వ నంబరు జాతీయ రహదారే నగరం దాటాక నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వైపు సాగుతుంది. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం, లింగాపూర్ దిక్కున సప్తగుండాల, ఆ పైన కెరమెరి ఘాట్ మలుపులు, జోడేఘాట్. మూడు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఆదివారం అర్ధరాత్రికి బురద బట్టలతో, ఫోన్ల నిండా వీడియోలతో తిరిగొస్తారు.

ఈ ప్రయాణాలు మంచివే. ఫ్లైఓవర్ నీడన, గల్లీల రద్దీలో పెరిగిన పిల్లలు టేకు అడవిలో వాన ఎలా కురుస్తుందో చూడాలి. అయితే జలపాతాన్ని చూసి రావడం వేరు, ఊరికి వెళ్లి రావడం వేరు. రెండోది తనంతట తాను వచ్చేది కాదు, నేర్చుకోవాలి. ఎవరి ఇంటి ముందు ఆగాలి, ఏం అడగాలి, ఎంతసేపు ఉండాలి, తిరిగొచ్చాక వాళ్లకు ఏం బాకీ పడ్డామో ఎలా గుర్తుంచుకోవాలి అనేవి అందులో పాఠాలు. తెలంగాణ ఉత్తరపు కొండల్లో ఈ పాఠం బాగా చెప్పగల ఊరు ఒకటుంది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి.

ఊళ్లో రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆయన 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1930లలో కొన్యాక్ నాగాల మధ్య ఉండి వచ్చారు. 1939లో మళ్లీ భారతదేశానికి వచ్చాక రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్న పాస్‌పోర్టు కారణంగా బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడయ్యారు. హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి వీల్లేని ఆ కాలాన్ని ఆయన పనికి వాడుకున్నారు. ముందు నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి గట్ల మీది కొండరెడ్ల దగ్గర ఉన్నారు. ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరకు చేరారు.

అక్కడికి వెళ్లడానికి బలమైన కారణం ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు గోండు నాయకుడు కుమ్రం భీం, ఆయన అనుచరులు నేలకొరిగారు. జల్, జంగల్, జమీన్ అన్న పిలుపుతో ఇప్పటికీ తలుచుకునే పోరాటం అది. అడవి శాఖ గీసిన రిజర్వు హద్దులు గోండుల చేలను మింగాయి. హద్దుల్లోపల వేసుకున్న గుడిసెలను అధికారులు కాల్పించారు. తరతరాలుగా దున్నుతున్న భూమికి గోండు చేతిలో కాగితం లేదు. బయటి నుంచి వచ్చినవాడి చేతిలో పట్టా ఉంది. తిరుగుబాటు అణచివేశాక, అసలు ఇది ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ ఈ పనికి అండగా నిలిచారు. బస్తర్ మరియా గోండుల మీద 1938లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన.

విచారణ అంటే డేరా వేసి, నలుగురిని పిలిపించి, వాంగ్మూలాలు రాసుకుని వెళ్లిపోవచ్చు. కానీ ఆ దంపతులు మార్లవాయిలో ఇల్లు వేసుకున్నారు. గోండీ నేర్చుకున్నారు. విత్తనాల వేళ, కోతల వేళ, పెళ్లిలో, చావులో, కులదైవం పెర్సపేన్ పూజలో ఊరి మధ్యనే ఉన్నారు. ఎవరి పొలం ఎప్పుడు పోయిందో, ఎవరి అప్పు ఎలా పెరిగిందో ఒక్కొక్క ఇంటి కథగా విన్నారు. ఆ వివరాలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' నివేదికలుగా అచ్చయ్యాయి. 1948లో 'రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వచ్చింది. ఒక ఊళ్లో అన్ని రుతువులూ గడిపిన మనిషి రాసిన పేజీలని వాటిని చదివితే తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది పుస్తకం బయట జరిగింది. 1943లో మార్లవాయిలోనే గోండు పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. చదువుకున్న గోండులు అప్పట్లో చాలా తక్కువ. ఉన్న కొద్దిమందికి మరాఠీ తెలుసు. అందుకే గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు. పిల్లవాడు బడికి వెళ్లి మొదట వినే మాట తన అమ్మ మాట అయింది. ఇంకోపక్క భూమి పట్టాల పని సాగింది. వేల గిరిజన కుటుంబాల పేర్లు మొదటిసారి రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కాయి. మరాఠీ చరిత్రకారుడిగా పేరున్న సేతుమాధవరావు పగడీ అప్పుడు అధికారిగా ఈ కొండల్లో పనిచేశారు. ఆయన కూడా గోండీ, కొలామీ నేర్చుకున్నారు. అధికారి తమ భాషలో మాట్లాడితే రైతు భయం లేకుండా తన కష్టం చెప్పుకోగలడు. ఆ కొండల్లో ఇది కొత్త.

1940ల చివర హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్లిపోయారు. అక్కడి ప్రాచ్య అధ్యయన సంస్థలో ఆచార్యులయ్యారు. 1953 నుంచి నేపాల్‌లో ఎవరెస్టు పాదాన ఉన్న షెర్పాల ఊళ్లలో పనిచేశారు. కానీ మార్లవాయిని వదల్లేదు. 1970ల చివర మళ్లీ వచ్చి, ముప్ఫై ఏళ్ల కిందట పట్టాలు వచ్చిన భూముల సంగతి ఆరా తీశారు. చాలా భూములు మళ్లీ చేతులు మారి ఉన్నాయి. గిరిజనుల భూమి కాపాడేందుకు తెచ్చిన 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, 1970లో వాటిని గట్టిపరిచిన 1/70 చట్టం కాగితం మీద ఉన్నాయి. చేలో మాత్రం దున్నేవాడు వేరే ఉన్నాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' ఈ నష్టాన్ని దాచకుండా చెప్పింది. అంతకు ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, భూమి హక్కుల కోసం ఇంద్రవెల్లిలో చేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని స్థానికులు చెబుతూనే ఉన్నారు.

హైమన్‌డార్ఫ్ ఒకసారి మేలు చేసి మరిచిపోయి ఉంటే 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' వచ్చేది కాదు. వెళ్లిన ఊరికి మళ్లీ వెళ్లడం, మొదటిసారి చెప్పింది ఇప్పుడు నిలిచిందా అని చూడటం అతిథి బాధ్యతలో భాగం. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోయినప్పుడు ఆమెను మార్లవాయికే తీసుకెళ్లారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కన ఉంచారు. ఏటా జనవరిలో ఊరు ఇద్దరికీ వర్ధంతి జరుపుతుంది.

అన్నేళ్లు ఉన్నవాళ్లకు కూడా ఆ నేల అన్నీ చెప్పలేదు. మార్లవాయి బడి కోసం గోండీని దేవనాగరిలో రాస్తున్న రోజుల్లో, ఎంతో దూరం లేని నార్నూర్ మండలం గుంజాలలో ఇళ్లలో పాత రాతప్రతులు ఉన్నాయి. గోండీ భాషకు సొంతమైన లిపి వాటిలో ఉంది. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు బృందం ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చేసరికి ఇరవై ఒకటో శతాబ్దం వచ్చింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు ఆ అక్షరాలు ఫోన్‌లో కూడా రాయవచ్చు. ఒక్క ఆదివారంలో ఆ కొండలు అర్థమయ్యాయని అనుకునేవాళ్లు గుంజాలను తప్పక గుర్తుపెట్టుకోవాలి.

ఊరికి ఎలా వెళ్లాలో గోండులకు వియన్నా నుంచి ఎవరూ వచ్చి నేర్పలేదు. వాళ్ల దండారి పండుగే అందుకు పద్ధతి. దీపావళికి ముందు రోజుల్లో ఒక ఊరి బృందం ఇంకో ఊరికి బయలుదేరుతుంది. చాలాసార్లు అది వియ్యమందిన ఊరే. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకున్న గుస్సాడీలు ముందు నడుస్తారు. గుమేల, పర్ర, పెప్రె, కాలికోం మోగుతాయి. ఆతిథ్యమిచ్చే ఊరు పొలిమేర దాకా ఎదురొచ్చి రామ్ రామ్ చెబుతుంది. ఆ రాత్రి ఆట, మర్నాడు భోజనం. వచ్చినవాళ్లు ఊరికే తిని పోరు. ఆడతారు, పాడతారు, పెద్దలకు మొక్కుతారు, పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు. తర్వాత ఆ ఊరు వీళ్ల ఊరికి వస్తుంది. ఏత్మాసూర్ పేన్ దేవుడి పేర నియమం పట్టిన గుస్సాడీలు పండుగ ముగిసేదాకా స్నానం చేయరు. రాకపోకలకు అంత నిష్ఠ. మార్లవాయికే చెందిన కనకరాజు ఈ నృత్యాన్ని గణతంత్ర దినోత్సవ వేడుకలకు ఢిల్లీ తీసుకెళ్లారు, ఎందరో పిల్లలకు నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024 అక్టోబరులో, దీపావళి దగ్గరపడుతున్న వేళ కన్నుమూశారు.

పాతబస్తీ వాళ్లకు ఈ మర్యాద కొత్త కాదు. చాంద్రాయణగుట్టను ఆనుకుని ఉన్న బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన వాళ్ల వారసులు ఉంటారు. పెద్ద పళ్లెంలో మండీ వడ్డించి, చుట్టూ నలుగురినీ కూర్చోబెట్టి తినిపించడం అక్కడి అలవాటు. వచ్చినవాళ్లు ముందు గడపలో సలాం చెబుతారు, పెద్దల యోగక్షేమాలు అడుగుతారు, ఆ తర్వాతే పళ్లెం దగ్గర కూర్చుంటారు. తన ఇంటికి వచ్చేవాళ్ల దగ్గర ఈ మర్యాద ఆశించే నగరవాసి, కొండ ఊళ్లో మాత్రం అడక్కుండానే ముసలవ్వ ముఖానికి కెమెరా పెడతాడు. ఇంటి ముంగిట బైకు ఆపి పాటలు మోగిస్తాడు. ఈ కాలమ్ రాసేవాడికి దీన్ని చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. మర్యాద తెలిసినవాళ్లే కొండ ఎక్కేసరికి దాన్ని కిందే వదిలేసి పోతున్నారు.

అడవిలో కూడా ఇదే నియమం. ఆ కొండలను ఎవరూ లేని పచ్చదనంగా చూడటం నగరవాసికి అలవాటు. కానీ ఇప్పచెట్టు కింద పూలు ఏరే హక్కు ఏ ఇంటిదో ఊరికి తెలుసు. తునికాకు ఏ వారంలో కోయాలో తెలుసు. 1965లో అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యం అయింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ఇటు దాటి వస్తాయి. అవి నడిచే దారిలోనే పత్తిచేలున్నాయి. కాగజ్‌నగర్ ప్రాంతంలో 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. అవి పత్తి ఏరే రోజులు. 2025లో ఈ పులుల దారిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వచ్చినప్పుడు ఆదివాసీలు రోడ్డెక్కారు. ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. పులి బతకాలి, ఆ దారిలో చేను ఉన్న రైతూ బతకాలి. రెండూ ఒకేచోట తేలాల్సిన లెక్కలు. సఫారీ జీపులో నుంచి చూస్తే మొదటిది మాత్రమే కనిపిస్తుంది. చేను గట్టు మీద కాసేపు కూర్చుంటే రెండోది వినిపిస్తుంది.

మరి రెండు రోజుల సెలవు మాత్రమే ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఆరు జలపాతాల బదులు ఒక ఊరు ఎంచుకోవాలి. ముందు పటేల్ ఇంటికో, ఊరి పెద్దల దగ్గరికో వెళ్లి రామ్ రామ్ చెప్పి, వచ్చిన పని చెప్పాలి. పూజ జరిగే చోట చెప్పులు, ఫోను రెండూ పక్కన పెట్టాలి. గోండీలో పది మాటలైనా ఆ ఊరి పిల్లల దగ్గరే నేర్చుకోవాలి. జైనూర్ దిక్కుకు వెళ్తే ఉషేగాంలో ఓజా కుటుంబాలు డోక్రా పని చేస్తాయి. మట్టి అచ్చు మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. కాబట్టి ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మ కొనేవాళ్లు బేరం ఆడే ముందు ఒక అచ్చు తయారీ మొదటి నుంచి చివరి దాకా చూడాలి.

వీలైనవాళ్లు పుష్యమాసంలో వెళ్లాలి. ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో నాగోబా జాతర అప్పుడే. మెస్రం వంశీయులు కాలినడకన గోదావరిలోని హస్తినమడుగు దాకా వెళ్లి నీళ్లు తెస్తారు. అమావాస్య రాత్రి ఆ జలంతో మహాపూజ చేస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను 'భేటింగ్'లో దేవుడికి పరిచయం చేస్తారు. కెమెరాలన్నీ ఈ రెండు ఘట్టాలకే వస్తాయి, ఆ వెంటనే వెళ్లిపోతాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు దర్బారు జరుగుతుంది. భీం పోరాటం తర్వాత 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన సభ ఇది. కొండల్లోని గోండులు తమ కష్టాలు చెప్పుకుంటారు, అధికారులు కూర్చుని వినాలి. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. పట్టా, రోడ్డు, తాగునీరు, బడిలో టీచరు అంటూ ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతారు. మహాపూజ చూసి తిరుగు బస్సెక్కినవాళ్లకు ఇదంతా తెలియదు. బస చూసుకునేటప్పుడే దర్బారు తేదీ కనుక్కుని, సెలవు ఆ రోజు దాకా పెట్టుకోవాలి.