వేషమూ - లోకమూ

ఒంటరి ఆట వ్యక్తివాదమనీ, పదిమంది కూడి ఆడేది సమష్టి చైతన్యమనీ మొన్నటిదాకా నేనూ అనుకున్నాను. భవానీపురంలో మా యింటికి వచ్చే విద్యార్థి ఒకడు రెండూ ఆడి చూపించాక ఆ సూత్రం నిలవలేదు.

2011లో వచ్చిన ‘స్కైరిమ్’లో ఆటగాడొక్కడే. అయితే అక్కడి అంతర్యుద్ధంలో అతడు యే పక్షం వహిస్తే ఆ పక్షమే గెలుస్తుంది. నగరాలు చేతులు మారుతాయి. 2004 నాటి ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ తొలిరోజుల్లో రాగ్నరోస్ అనే అగ్నిప్రభువును కూల్చడానికి 40 మంది దాకా కూడేవారు. దెబ్బ కాచేవారు, గాయం మాన్పేవారు, కొట్టేవారు - ఆ శ్రమవిభజన నిజం; ఆ స్నేహమూ నిజమే. కాని వారం తిరిగేసరికి రాగ్నరోస్ మళ్ళీ లేచి కూర్చుంటాడు. నెలనెలా చందా కట్టేవారు మళ్ళీ రావాలి గదా!

మొదటిదానిలో చరిత్ర వున్నది, మనుషులు లేరు. రెండవదానిలో మనుషులున్నారు, చరిత్ర లేదు.

మన కూచిపూడి భామాకలాపంలో భారమంతా సత్యభామ వేషం మీదనే. అయినా యెదుట వూరు కూర్చునేది. కాబట్టి వేషాలు లెక్కపెట్టి సామాజికతను తూచలేం. కూడినవారికి తమ లోకాన్ని మార్చే హక్కు వున్నదా అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. ఆ ఆటలో ఆ హక్కు కంపెనీదే.