వేరు

‘సీమాంధ్ర’ అని ఒకసారి మెల్లగా పలికి చూడండి. సీమ ఎక్కడ ఆగిందో, ఆంధ్ర ఎక్కడ మొదలైందో చెవికి అందదు. సీమ చివరి అకారం ఆంధ్ర మొదటి ఆకారంలోకి జారిపోతుంది, అతుకు కనబడదు. 2009 డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటన తర్వాత తెలంగాణ వస్తుందా రాదా అని అందరూ ఊగిసలాడిన రోజుల్లో ఊరూరా తిరిగిన మాట ఇది. విడిపోవడం గురించి మాట్లాడుకోవడానికి పుట్టిన మాట, సవర్ణదీర్ఘ సంధిలో పుట్టింది! సమైక్యాంధ్ర, ఆపై వచ్చిన నవ్యాంధ్ర కూడా అంతే.

గ్రెగ్జిట్ తీరు అది కాదు. గ్రీసు యూరోను వదిలేస్తుందేమోనని 2012లో సిటీగ్రూప్ ఆర్థికవేత్తలు దేశం పేరును సగానికి కోసి ‘ఎగ్జిట్’ తగిలించారు. ఆ ఏడే బ్రెగ్జిట్ అన్న మాటా వచ్చింది. ‘గ్జి’ దగ్గర తలుపు గడియ తీసిన చప్పుడు వినబడుతుంది. అదీ ఒక శిల్పమే. బ్రిటన్ ఓటు వేసింది 2016లో, బయటికి నడిచింది 2020 జనవరి 31న. గ్రీసు మాత్రం ఎక్కడికీ పోలేదు. కర్ణాటకలోని మా బాగేపల్లి దాటగానే అప్పట్లో వచ్చే అనంతపురం జిల్లాను, దాని పైనున్న కర్నూలును తెలంగాణతో కలిపి ‘రాయల తెలంగాణ’ అన్నారు, గుర్తుందా? అదీ మాటగానే మిగిలింది.

1956లో భాషలను బట్టి రాష్ట్రాలు గీసినప్పుడు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకేనేమో, ఈ మాటలన్నిటికంటే నాకు బాగా నచ్చింది ఎవరూ కూర్చుని తయారు చేయనిది: వేరు. అన్నదమ్ములు పంచుకుంటే మా వైపు పెద్దలు ‘వేరుపడినారు’ అంటారు, అంతే. ఒకే పంచ, రెండు పొయ్యిలు. వేర్పాటు అన్న పెద్ద మాట మొలిచింది ఈ చిన్న మాటలోంచే.

పాత రాతలో చెట్టు వేరు మామూలు రేఫతో, విడిపోయే ‘వేఱు’ బండి ఱతో ఉండేవి. నాలుక మీద ఆ తేడా అరిగి రెండూ ఒకటైపోయాయి. కన్నడంలోనూ ఆ రెండు రేఫల తేడా అరిగింది, మాటలు మాత్రం విడిగానే ఉన్నాయి: చెట్టుది ‘బేరు’, విడిగా ఉన్నది ‘బేరె’. చింతామణి సంతలో నిలబడితే ఆ నాలుగు మాటలూ ఒకే నోట వినబడతాయి. పీకి తెచ్చిన చెనక్కాయ చెట్టు వేళ్లకు అంటిన ఎర్రమట్టి దులుపుతూ ఒక ముసలాయన ‘మా తమ్ముడిది వేరే చేను’ అంటాడు.