నిప్పురవ్వ రొదకు ఎర్తు మందు

చాంద్రాయణగుట్ట నుంచి కాటేదాన్ దాకా ఇనుప పని చేసే కార్ఖానాలకు లెక్క లేదు. గేట్లు, గ్రిల్సు, బాల్కనీ రెయిలింగులు, మెట్ల చట్రాలు. ఒకప్పుడు ఇక్కడ డిజైను కావాలంటే కడ్డీని కాల్చి వంచేవారు, లేదా గ్యాస్ కటింగుతో ఓపిగ్గా కోసేవారు. ఇప్పుడు కంప్యూటరులో గీసిన జాలీని ప్లాస్మా కట్టర్ నిమిషాల్లో షీటు మీద కోసి ఇస్తోంది. పిసల్‌బండలో పైగా వంశీకుల సమాధుల జాలీలు చూసి మురిసిపోయినవాణ్ణి కాబట్టి, అలాంటి అల్లిక ఇనుములో కనిపిస్తే నాకు సంతోషమే.

ఈ కోత వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. కట్టర్ టార్చి అంటుకున్న క్షణానే కంప్యూటరు తెర బిగుసుకుపోతుంది. తిన్నగా సాగాల్సిన గీత పక్కకు జారి, ఖరీదైన షీటు తుక్కు కింద పోతుంది. పాతబస్తీ గల్లీల్లో కార్ఖానా గోడ, ఇంటి గోడ చాలాచోట్ల ఒకటే. పక్కింటి రేడియో గరగరమంటుంది, సందు చివర క్లినిక్కులో ఈసీజీ గీతలు వణుకుతాయి. యజమానులు మెషీను అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ కంట్రోలు కార్డులు మార్పిస్తుంటారు. కానీ ఈ చిక్కుకు మందులో సగం ఉప్పు, బొగ్గుతో ఎర్తు గొయ్యి నింపే కరెంటు మిస్త్రీ చేతిలోనే ఉంది. ఆ విద్యకు మనం ఇస్తున్న విలువ మరీ తక్కువ.

ముందు ఈ చిక్కులకు మూలమైన కరెంటు రొద ఎక్కడ పుడుతుందో చూద్దాం. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. టార్చిలోని ఎలక్ట్రోడుకు, నాజిల్‌కు మధ్య దారి తెరవాలంటే కొన్ని వేల వోల్టుల నిప్పురవ్వ కావాలి. పాత పద్ధతి మెషీన్లు దాన్ని సెకనుకు పది ఇరవై లక్షల సార్లు ఊగే కరెంటుతో పుట్టిస్తాయి. వాడుకలో దీన్నే హెచ్ఎఫ్ స్టార్ట్ అంటారు. దారి తెరుచుకోగానే గాలి ప్లాస్మాగా మారి, 20,000 డిగ్రీల వేడితో ఇనుమును కరిగించి కిందికి ఊదేస్తుంది. ఆ తొలి రవ్వ మాత్రం టార్చి కేబులును ఏరియల్‌గా వాడుకుని నలుదిక్కులా వ్యాపిస్తుంది. మార్కోనీ తొలినాళ్లలో సందేశాలు పంపింది సరిగ్గా ఇలాంటి రవ్వతోనే. ఒకరు మాట్లాడితే చుట్టూ అందరికీ అడ్డు కావడంతో ఆ ట్రాన్స్‌మిటర్లను ప్రపంచ దేశాలు క్రమంగా మాన్పించాయి. రేడియోకు అడ్డొచ్చే రొదను అదుపు చేయడానికి సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ 1934లో ఏర్పడింది. అంటే మన కార్ఖానా ప్రతి కోతకూ ఓ చిన్న రేడియో స్టేషను తెరుస్తోందన్నమాట.

ఇక ఎర్తు గొయ్యి. మనుషులకు షాకు తగలకుండా కాపాడే విద్యగా ఇది మనకు తెలుసు. ఐఎస్ 3043 అనే భారతీయ ప్రమాణం దీనికి కొలతలు ఇచ్చింది. ప్లేటయితే కనీసం 60 సెంటీమీటర్ల చదరం, జింకు పూత ఇనుముదైతే (జీఐ) 6.3 మిల్లీమీటర్ల మందం, రాగిదైతే 3.15. పైపు పద్ధతిలో చిల్లులు పొడిచిన జీఐ పైపును నిలువుగా దించి, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేసుకుంటూ వస్తారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తడిలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. పైన గరాటు, దాని మీద సిమెంటు మూత.

పాతబస్తీలో ఈ పని మరీ కష్టం. కింద ఉన్నది గ్రానైటు. చాలాచోట్ల మూడు నాలుగు అడుగులు తవ్వేసరికి గడ్డపార ఖంగుమంటుంది. పైనున్న మొరం ఏప్రిల్ వచ్చేసరికి ఎండిపోతుంది, దాంతో వానాకాలంలో రెండు ఓములు చూపించిన గొయ్యి వేసవిలో పనికిరాకుండా పోతుంది. అందుకే తెలిసిన మిస్త్రీ పొద్దున షట్టరు లేపగానే కుర్రాణ్ణి అడుగుతాడు: "గుంతల నీళ్లు పోసినవా?" "పోసిన ఉస్తాద్, రెండు బిందెలు." మీటరు పెట్టి చూడనక్కర్లేకుండా దశాబ్దాల అనుభవం నేర్పిన జాగ్రత్త ఇది. ఉప్పు పైపును తినేస్తుందనీ ఆయనకు తెలుసు. ఇప్పుడు కొందరు ఉప్పుకు బదులు బెంటొనైట్ మట్టి వాడుతున్నారు, పైపుకు అదే మేలు.

అయితే ప్లాస్మా రొద దగ్గర ఈ పాత విద్యకు ఒక కొత్త పాఠం కలపాలి. మన ఇళ్ల కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానికి పదిహేను మీటర్ల ఎర్తు వైరు ఒక లెక్క కాదు. రవ్వ కరెంటు సంగతి వేరు. సెకనుకు ఇరవై లక్షల సార్లు ఊగే కరెంటుకు ఒక్క మీటరు వైరే సుమారు 12 ఓముల అడ్డు. గొయ్యి షెడ్డు వెనకాల పదిహేను మీటర్ల దూరంలో ఉంటే అది 180 ఓములు దాటుతుంది. గొయ్యి ఎంత గొప్పగా రెండు ఓములు చూపించినా రొద అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు. దగ్గర్లో ఉన్న కంప్యూటరు వైరును పట్టుకుని తిరుగుతుంది. వైరు లావు చేస్తే తగ్గేది కొంచెమే. పొడవు తగ్గించాలి, గుండ్రటి వైరుకు బదులు వెడల్పాటి రాగి పట్టీ వేయాలి.

కాబట్టి కోత బల్ల పక్కనే ఒక ఎర్తు రాడ్డు దిగాలి. దాన్ని భవనం మెయిన్ ఎర్తుతో తప్పకుండా కలపాలి. "వేరే ఎర్తు వేస్తే శుభ్రంగా ఉంటుంది" అని దాన్ని విడిగా వదిలేసే అలవాటు ప్రమాదకరం. ఎక్కడైనా కరెంటు లీకైతే మట్టి గుండా పారేది చాలదు, ఎంసీబీ పడిపోదు, బల్ల ముట్టుకున్నవాడి ప్రాణం మీదికి వస్తుంది. బల్ల, ప్లాస్మా మెషీను, కంట్రోలు పెట్టె, వీటి పట్టీలన్నీ బల్ల దగ్గర ఒకే బిందువుకు చేరాలి.

ఆ బిందువును దగ్గర్నుంచి చూడండి. బోల్టు గట్టిగానే బిగించి ఉంటుంది. విప్పితే కింద నిగనిగలాడే నీలం పెయింటు! పెయింటు మీద బిగించిన ఎర్తు ఎర్తే కాదు. రేకు తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషరు వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి. షీటుకు తగిలించే క్లాంపు కూడా తుప్పు మీద కాకుండా గీకిన చోటే పట్టాలి.

కేబుళ్ల విషయంలో నియమం సులువు. టార్చి కేబులును, మోటార్ల సిగ్నలు వైర్లను ఒకే ట్రేలో పడుకోబెట్టకూడదు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. మిగిలిన కేబులును అందంగా చుట్ట చుట్టి గోడకు తగిలిస్తారు, అది కాయిలై రొదను ఇంకా పెంచుతుంది. సిగ్నలుకు మెలిపెట్టిన జంట వైరు, దాని మీద జాలీ కవచం వాడి, కంట్రోలు పెట్టె దగ్గర ఆ కవచాన్ని చుట్టూతా రేకుకు తాకించాలి. కంప్యూటరు నుంచి యూఎస్‌బీ కన్నా ఈథర్‌నెట్ కేబులు నయం, దాని చివర్లలో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రొదను చాలావరకు ఆపుతాయి.

రొద ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చేతిలో ఇమిడే ఏఎం రేడియోను ఏ స్టేషనూ లేనిచోట నిలిపి, ఒకరు టార్చి వెలిగిస్తుంటే ఇంకొకరు కేబుళ్ల వెంట నడిస్తే చాలు. గరగర ఎక్కడ పెరిగితే అక్కడే లోపం. చెవితో చేసే ఈ తనిఖీని నేను మీటరు కన్నా తక్కువగా చూడను.

కొత్త మెషీను కొనేవారు మాత్రం అసలు రవ్వనే మాన్పించుకోవచ్చు. కాంటాక్ట్ స్టార్ట్ టార్చిలో ఎలక్ట్రోడు, నాజిల్ ముందు తాకి ఉంటాయి. కరెంటు పారుతుండగా గాలి వత్తిడి వాటిని విడదీస్తుంది, ఆ ఎడంలోనే ఆర్కు పుడుతుంది. వేల వోల్టుల ఊగులాట అవసరమే రాదు. కొనేముందు అడగాల్సిన మొదటి మాట ఇదే. పాత హెచ్ఎఫ్ మెషీను ఉన్న షెడ్డులోకి గుండెలో పేస్‌మేకరు పెట్టించుకున్నవారిని డాక్టరు సరేననకుండా రానివ్వకూడదు.

మిస్త్రీని మనం ఎప్పుడు పిలుస్తున్నామన్నది కూడా ముఖ్యం. ఇప్పుడు ఫ్లోరింగు పోసి, బల్ల నిలిపి, మెషీను తిప్పి చూసి, చెడిపోయాక ఎర్తు గుర్తుకొస్తోంది. అప్పటికి కాంక్రీటు పగలగొట్టాలి, కింద బండ తగులుతుంది, గొయ్యి మళ్లీ షెడ్డు వెనక్కే పోతుంది. రాడ్డు దిగని నేలలో రాగి పట్టీని అడ్డంగా పొడవాటి కాలవలో పూడ్చి బల్ల కిందికి తేవచ్చని మిస్త్రీలకు తెలుసు. అది ఫ్లోరింగు పోయకముందు ఒకటి రెండు రోజుల పని. షెడ్డుకు ముగ్గు పోసే రోజునే ఆయన్ను పిలిచి, బల్ల ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగాలి.