తీసేవారు లేని పచ్చదనం

ఈ వారం మా కాలనీ సంఘం సమావేశంలో చెరువు మీద పెద్ద చర్చ జరిగింది. ఎండలు ముదిరాక నీళ్ళు పసరు కలిపినట్టు పచ్చబడ్డాయి, గట్టు మీద నడవలేనంత కంపు. మైలుతుత్తం చల్లించి నాచును చంపేయాలని తీర్మానించారు. నాకు ఒళ్ళు మండింది. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలిసిందే: చెరువు జబ్బుకు మూలం మన ఇళ్ళ తూముల్లో ఉంది. మన మూత్రంలోని నత్రజని, బట్టల సబ్బుల్లోని భాస్వరం కాలువ దారి పట్టి అక్కడికి చేరతాయి. వాటిని తిని నాచు పెరుగుతుంది. నేరం మనది, శిక్ష నాచుకు.

అసలు ఆ నాచు పనితనానికి ముచ్చటపడాలి. మామూలు మురుగుశుద్ధి కేంద్రంలో నీటిలోకి గాలి కొట్టి, బాక్టీరియా చేత కుళ్ళును తినిపిస్తారు. ఆ గాలి మోటార్లకే బోలెడు కరెంటు ఖర్చు. అంతా అయ్యాక కూడా, వేరే ఏర్పాటు లేకపోతే, నత్రజని, భాస్వరాల్లో చాలా భాగం నీటిలోనే మిగిలిపోతుంది. 1950లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ ఈ పనికి ఎండను పురమాయించాడు. లోతు తక్కువ కుంటల్లో మురుగునీటితో నాచు పెంచాడు. నాచు వదిలే ప్రాణవాయువు బాక్టీరియాకు, బాక్టీరియా వదిలే బొగ్గుపులుసు వాయువు నాచుకు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే నత్రజని, భాస్వరం నాచు ఒంట్లోకి చేరిపోతాయి.

బర్క్‌లీ కంటే ముందే, 1930ల నుంచే, కోల్‌కతా తూర్పు అంచున జాలరులు ఇదే పని చేస్తున్నారు. 1980ల మొదట్లో నగరం మురుగు ఏమవుతోందో చూడబోయిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ వాళ్ళ చేపల చెరువుల దగ్గర ఆగిపోయాడు. జీవితమంతా వాటిని కాపాడటానికే పెట్టాడు. దాదాపు 12,500 హెక్టార్ల ఆ చిత్తడి నేలలకు 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం కింద గుర్తింపు వచ్చింది.

అక్కడ వాళ్ళు చెరువును భేరీ అంటారు. నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి నీటి రంగు చూపించాడు. చలికాలంలో చెరువు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లుతారట. తర్వాత మురుగునీరు వదిలి, అది తేరుకుని పచ్చబడేదాకా వారాల తరబడి ఆగుతారు. అప్పుడే చేపపిల్లలను వేస్తారు. ఆ పైన కొద్దికొద్దిగా మురుగునీరు పెడుతూ పోతారు. పచ్చదనం ముదిరితే రాత్రి నాచే ప్రాణవాయువు లాగేసుకుంటుంది, తెల్లవారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. అందుకని రంగు మారగానే తూము మూసేస్తాడాయన. ఏ మీటరూ లేదు, కన్నే కొలత. మన కైకలూరు వైపు చేపల రైతు పేడ, కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు కొని నీటికి తెప్పించుకునే పచ్చదనాన్ని అక్కడ నగరం మురుగే తెచ్చిపెడుతోంది.

నాచు ఉచితంగా శుద్ధి చేస్తుందని రాద్దామనే కూర్చున్నాను. కానీ భేరీ గురించి రాస్తున్నకొద్దీ ఆ మాట నిలవడం లేదు. నాచు తిన్న భాస్వరం గాలిలో కలిసిపోదు, దాని ఒంట్లోనే ఉంటుంది. నాచు చచ్చి అడుక్కు చేరి కుళ్ళితే మళ్ళీ నీటిలోకే వస్తుంది. నాచును నీటిలోంచి బయటికి తీసినప్పుడే భాస్వరం పోయినట్టు లెక్క. ఆ తీయడమే అన్నిటికన్నా కష్టం. కణం మైక్రాన్లలో ఉంటుంది, లీటరు నీటిలో ఎండు నాచు అర గ్రాము కూడా ఉండదు. యంత్రాలతో వడకడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. భేరీలో ఆ పని చేపలు చేస్తాయి. సిల్వర్ కార్ప్ నాచును తింటుంది, బొచ్చె ఆ నాచు మీద బతికే సూక్ష్మజీవులను తింటుంది. ఆ చేపలను జాలరి వల ఒడ్డుకు లాగుతుంది. శుద్ధి పూర్తయ్యేది ఆ వలలో.

కాబట్టి నాచు పోవాలన్న మా సంఘం కోరికలో న్యాయముంది. మైలుతుత్తం మాత్రం చంపుతుందే గానీ తీయదు. కుళ్ళిన నాచు మరో పంటకు ఎరువవుతుంది, రాగి అడుగున పేరుకుంటుంది. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చెరువులో చేపలు పెంచి తినమనడమూ తప్పే. అక్కడ నాచును వడకట్టి గ్యాసుకు వాడాలి. ఏ దారి పట్టినా తీసే మనిషి ఉండాలి, అతనికి జీతం ఉండాలి. నాచు కుంటలు కడతామని వచ్చే ప్రతి ప్రణాళికలోనూ ఆ జీతం పద్దు ముందు చూడండి. ఏడాదికి ఎన్ని కిలోల భాస్వరం ఒడ్డుకు చేర్చిందో చెప్పగలిగితేనే అది శుద్ధి చేసిన కుంట.