మెట్టు నొక్కే ముందు జరిగే పని

పియానో మీద స్వరం మోగాక వాయించేవారి చేతిలో మిగిలేది దాన్ని ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం ఒక్కటే. మెట్టు నొక్కగానే లోపల ఉన్ని తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. తీగను తాకే సమయానికే ఆ సుత్తికీ వేలికీ సంబంధం తెగిపోయి ఉంటుంది. కొట్టిన సుత్తి వెంటనే వెనక్కి రాకపోతే తీగ మోగదు కనుక, 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో బార్తొలొమెయో క్రిస్తొఫొరి ఈ ఏర్పాటు చేశాడు. వైణికులు మీటిన తర్వాత కూడా తీగను లాగి గమకం పలికించగలరు. పియానోకు ఆ వీలు లేదు. మోగిన క్షణం నుంచే స్వరం తగ్గుతూ పోతుంది. అయినా మంచి చేతుల్లో ఆ వాద్యం పాడుతుంది. తగ్గిపోయే స్వరాలు పాటగా ఎలా అతుక్కుంటాయో చూడాలంటే కచేరీ హాలు కన్నా పాఠం జరిగే గది మంచి చోటు.

చెన్నైకి పడమటి వైపున్న అంబత్తూరు అలాంటి గది కోసం ఎవరూ ముందుగా వెతికే ఊరు కాదు. టి.ఐ. సైకిళ్లకూ, 1964లో వెలిసిన పారిశ్రామికవాడకూ పేరుపడిన చోటు. 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. తమిళంతో పాటు తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తెలుగు కూడా వినిపించే రైలు మార్గం దీని మీదుగానే పోతుంది. కొలత వెంట్రుకవాసి తప్పినా వస్తువు పనికిరాదని ఇక్కడి కార్మికులకు చెప్పక్కర్లేదు. పియానో టీచర్ పనిని అర్థం చేసుకోవడానికి ఈ ఊరి చూపు సరిగ్గా సరిపోతుంది.

కచేరీలు కూడా చేసే టీచర్ రోజు రెండుగా చీలి ఉంటుంది. పిల్లలు బడిలో ఉన్న వేళ సొంత సాధన. బడి వదిలాక సాయంత్రమంతా పాఠాలు. శని, ఆదివారాల్లో ఊపిరి సలపదు. డిసెంబరు వస్తే చర్చిల్లో క్రిస్మస్ కేరల్స్, పెళ్లి రిసెప్షన్లు, హోటళ్లలో వాయిద్యం తోడవుతాయి. పాఠాలతో బతుకుతూ వేదిక ఎక్కడం చిన్నతనమేమీ కాదు. పారిస్‌లో షోపాఁ ప్రధానంగా పాఠాల మీదే బతికాడు. జీవితం మొత్తంలో ఆయన చేసిన బహిరంగ కచేరీలు దాదాపు ముప్పై మాత్రమే. బీథోవెన్ శిష్యుడైన చెర్నీయే లిస్టుకు గురువు.

ఇక పాఠం సంగతి. మొదటి వారాల్లో వచ్చే సరళమైన స్కేలు మన శంకరాభరణమే. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు. కుడిచేత్తో స, రి, గ ఒకటి, రెండు, మూడు వేళ్లతో వాయించాక, మధ్యమానికి బొటనవేలు మధ్యవేలి కింద నుంచి దూరి రావాలి. పిల్లలందరూ తడబడేది అక్కడే. బొటనవేలు ఆలస్యంగా బయల్దేరుతుంది, మోచెయ్యి ఎగురుతుంది, మధ్యమం మిగతావాటి కన్నా గట్టిగా పడుతుంది. వినేవారికి అది తప్పుగా తోచదు, ఎందుకంటే స్వరం సరైనదే. టీచర్‌కు మాత్రం ఆ ఒక్క చోట వరస విరిగినట్టు వినిపిస్తుంది. మందు మధ్యమం దగ్గర లేదు. రిషభం మోగుతుండగానే బొటనవేలు లోపలికి కదలడం మొదలుపెట్టాలి. వినిపించే దోషం ఒకచోట, దాని కారణం రెండు స్వరాల ముందు. ఈ దూరాన్ని చెవితో కొలవగలగడమే పియానో టీచర్ పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది.

షోపాఁ ఈ చిక్కును మరో దారిలో విప్పాడు. తెల్ల మెట్లతోనే ఉండే స్కేలు చదవడానికి సులువు, చేతికి కష్టం. అందుకని ఆయన శిష్యుల చేతిని మొదట పొడవాటి మూడు వేళ్లూ నల్ల మెట్ల మీదా, బొటనవేలు, చిటికెనవేలు తెల్ల మెట్ల మీదా ఉండేలా పెట్టించేవాడు. చెయ్యి తన సహజమైన వంపులో ఒదిగిపోతుంది. వాద్యానికి చెయ్యిని వంచకుండా, చేతికి వాద్యంలో చోటు వెతికిన గురువు ఆయన.

తర్వాత చిన్న రచనలు. బాక్ భార్య ఆనా మాగ్దలేనా కోసం 1725లో మొదలైన నోటు పుస్తకంలోని జి మేజర్ మిన్యువెట్ దాదాపు ప్రతి విద్యార్థీ వాయించేదే. చాలాకాలం బాక్‌దని అనుకున్నా, దాన్ని రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. పాట పంచమంతో మొదలై, షడ్జం నుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కి మళ్లీ పంచమం చేరి, షడ్జం మీద రెండుసార్లు వాలుతుంది. ఆ రెండు షడ్జాలను పిల్లలు సుత్తితో కొట్టినట్టు ఒకే బరువుతో వాయిస్తారు. మిన్యువెట్ నాట్యం కోసం పుట్టిన మూడు మాత్రల నడక. మొదటి మాత్ర మీద బరువు పడాలి, మిగతా రెండూ పైకి తేలాలి. టీచర్ దాన్ని మాటల్లో చెప్పి వదిలెయ్యరు. పిల్లవాడి మణికట్టు కింద తన వేలుంచి, పంచమానికి కిందికి దింపి, షడ్జాలకు పైకి లేపిస్తారు. స్వరాలు అవే, వేగం అదే, కానీ మిన్యువెట్ అడుగులు వెయ్యడం మొదలుపెడుతుంది.

పెడల్ దగ్గర పని ఇంకా సూక్ష్మం. కుడి పెడల్ తొక్కితే తీగలన్నీ విడుదలై, చేతులు తీసినా నాదం నిలుస్తుంది. చెయ్యీ కాలూ కలిసి పడితే స్వరాల మధ్య ఖాళీ వస్తుంది. కొత్త స్వరం మోగిన వెంటనే కాలు లేచి, పాతదాన్ని తుడిచి, మళ్లీ దిగాలి. చెయ్యి ముందు, కాలు రవ్వంత వెనక. పాటను అతికే జిగురు ఆ రవ్వంతలోనే ఉంది.

చెన్నై గాలి వాద్యానికి మరో పరీక్ష. పియానోలో సుమారు 230 తీగలు కలిసి దాదాపు 18 టన్నుల బిగువుతో లాగుతుంటాయి. వాటి నాదాన్ని పెంచే స్ప్రూస్ చెక్క పలక సముద్రపు తేమకు ఉబ్బి, ఏసీ గాలికి ఎండి, శ్రుతిని పైకీ కిందికీ తోస్తుంది. అందుకే ఏడాదికి రెండుసార్లయినా ట్యూనర్ రావాలి. అపార్టుమెంట్లలో ఎక్కువమంది డిజిటల్ పియానో కొంటారు. మంచి టీచర్ దాన్ని చిన్నచూపు చూడరు. మెట్లకు బరువుందా, తాకిడిని బట్టి ధ్వని మారుతుందా అని చూసి, ఉంటే దానితోనే మొదలుపెడతారు.

ఈ విద్యకు ఈ ప్రాంతంలో లోతైన వేళ్లున్నాయి. అంబత్తూరుకు ఈశాన్యాన ఉన్న మణలిలో ముత్తుస్వామి దీక్షితులు యౌవనం గడిపారు. సెయింట్ జార్జి కోట బ్యాండు వరసలు విని శంకరాభరణంలో ఆయన కట్టిన నొట్టుస్వర సాహిత్యాలు నలభై వరకూ ఉన్నాయి. గమకం లేకుండా నిలిచే ఆ రచనలు పియానో విద్యార్థికి సొంతింటి పాఠాలు. మౌంట్ రోడ్డులో 1842లో మొదలైన మిస్క్విత్ వాద్యాల దుకాణం ఇవాళ మ్యూసీ మ్యూజికల్‌గా నడుస్తోంది. మైలాపూరులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర ఇళయరాజా పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఏ.ఆర్. రెహమాన్ కూడా ధన్‌రాజ్ మాస్టర్ శిష్యుడే. 2025 మార్చిలో లండన్‌లో ఇళయరాజా సింఫనీ మోగినప్పుడు, దాని వెనక మైలాపూరులోని ఒక పాఠాల గది ఉంది.

వేదిక మీద ఈ పనితనం మరో రూపంలో కనిపిస్తుంది. గాయకుడు సిక్కిల్ గురుచరణ్ పక్కన పియానో వాయించే అనిల్ శ్రీనివాసన్‌నే తీసుకోండి. గమకాన్ని మెట్ల మీద అనుకరించబోతే వాద్యం ఓడిపోతుంది. ఆయన గమకాన్ని గొంతుకే వదిలి, రాగానికి కింద నాలుగైదు స్వరాల నీడ పరచి, తర్వాత ఆగుతారు. ఎప్పుడు వాయించకూడదో తెలియడం ఆ చేతుల బలం. అదే మనిషి ర్యాప్సొడీ సంస్థ ద్వారా బడి పిల్లలకు సంగీతం చేరవేస్తున్నారు. 2019లో అమెరికా టీవీ పోటీ ‘ది వరల్డ్స్ బెస్ట్’ గెలిచిన చెన్నై బాలుడు లిడియన్ నాదస్వరం పియానో వాయించిన వేగానికి లోకం ఆశ్చర్యపోయింది. నన్ను కట్టిపడేసింది ఆ వేగంలోనూ ప్రతి స్వరం విడిగా వినిపించడం. అలాంటి స్పష్టత నిదానంగా, చేతులు విడివిడిగా చేసిన సాధన నుంచే వస్తుంది.

ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు ఈ దారిలో ఉపయోగపడే మైలురాళ్లు. నూటికి 87 వస్తే డిస్టింక్షన్. కానీ మూడు రచనలే ఏడాదంతా వాయించి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు నాలుగో రచన ముందు నిస్సహాయుడైతే ఆ మార్కులకు అర్థం లేదు. పిల్లల్ని పియానోకు పంపే తల్లిదండ్రులు ‘ఎన్నో గ్రేడు?’ అని అడిగే బదులు, ‘నిన్నటి వాయింపులో ఏది నచ్చలేదు, ఇవాళ దాన్నెలా మార్చావు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పిల్లకు ఇంట్లో సాధన చేసేటప్పుడు టీచర్ పక్కన ఉండనవసరం లేదు. టీచర్ చెవి ఆ పిల్లకు వచ్చేసింది. ఈ పనికి అంతకన్నా పెద్ద ఫలితం లేదు.